కొత్త కేడెట్ల తలల మీద దెబ్బలు: సైనిక శిక్షణలో బాక్సింగ్ ఇచ్చేదెంత, తీసుకునేదెంత

ఉత్తర తెలంగాణకు బాక్సింగ్ పరాయి ఆట కాదు. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయింది. అదే ఊరికి చెందిన మహ్మద్ హుసాముద్దీన్ సైన్యంలో పనిచేస్తూ 2018, 2022 కామన్‌వెల్త్ క్రీడల్లోనూ, 2023 ప్రపంచ పోటీల్లోనూ కాంస్యాలు గెలిచాడు. సైన్యం మీద మోజు కూడా ఈ జిల్లాల్లో తక్కువేమీ కాదు. హనుమకొండ సుబేదారిలోని ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో తెల్లారకముందే పరుగు తీసే కుర్రాళ్లలో కొందరిది పోలీసు కొలువు ఆశ అయితే, కొందరిది ఆర్మీ కల. కరీంనగర్ జిల్లా రుక్మాపూర్‌లో సాంఘిక సంక్షేమ గురుకులాల సైనిక్ స్కూల్, వరంగల్ జిల్లా అశోక్‌నగర్‌లో గిరిజన సంక్షేమ గురుకులాల సైనిక్ స్కూల్ ఉన్నాయి. వరంగల్‌కు కేంద్రం ఇచ్చే సైనిక్ స్కూల్ కావాలన్న డిమాండ్ ఏళ్లుగా నలుగుతూనే ఉంది.

అంటే కూలి పనులకు పోయే ఇళ్ల నుంచి, రెండెకరాల పత్తి చేను మీద బతికే ఇళ్ల నుంచి పిల్లలు సైనిక శిక్షణ వైపు వెళ్తున్నారు. ఆ దారిలో ఏదో ఒక చోట బాక్సింగ్ రింగ్ ఎదురవుతుంది. మిలటరీ అకాడమీలో చేరిన పిల్లవాడిని గ్లౌజులు తొడిగి రింగ్‌లోకి దింపడం, తల మీద దెబ్బలు తినిపించడం శిక్షణలో భాగమేనా అన్న చర్చ అమెరికాలో ఎప్పటి నుంచో ఉంది. మన దగ్గర మాత్రం అది అకాడమీ గోడలు దాటి బయటికి రావడం లేదు. రావాలి. ఎందుకంటే బాక్సింగ్ నేర్పడం వేరు, బాక్సింగ్ రాని ఇద్దరిని పోటీకి నిలబెట్టడం వేరు. మొదటిదాని వల్ల సైనికుడికి నిజమైన లాభం ఉంది. రెండోదాని వల్ల వచ్చే నష్టాన్ని ఇన్నాళ్లూ కేడెట్ కుటుంబాలే మోస్తున్నాయి.

హుసాముద్దీన్ లాంటి బాక్సర్ రింగ్‌లోకి దిగేది ఏళ్ల సాధన తర్వాత. అడుగు ఎలా వేయాలి, గడ్డం ఎక్కడ దాచుకోవాలి, వచ్చే దెబ్బను ఎలా తప్పించాలి అన్నది అప్పటికి ఒంటికి పట్టి ఉంటుంది. అకాడమీల్లో జరిగేది అది కాదు. పుణె దగ్గర ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీలో స్క్వాడ్రన్ల (కేడెట్ల జట్ల) మధ్య నోవిస్ బాక్సింగ్ పోటీలు పాత ఆనవాయితీ. పేరులోనే ఉన్నట్టు అది కొత్తవాళ్ల పోటీ. చాలా సైనిక్ స్కూళ్లలో హౌస్‌ల మధ్య బాక్సింగ్ అంటే ఏడాదంతా చెప్పుకునే పోటీ. కొద్ది వారాలు నేర్పించి, బరువు చూసి జత కలిపి, బెల్ కొడతారు.

కొత్తవాడి బౌట్‌ను, అంటే రింగ్‌లో ఇద్దరి మధ్య జరిగే పోటీని, కాస్త దగ్గరగా చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. బెల్ మోగగానే నేర్పించిన గార్డ్ (ముఖానికి అడ్డంగా చేతులు పెట్టుకోవడం) మరిచిపోతాడు. ఊపిరి బిగబడతాడు. గడ్డం పైకి లేస్తుంది. దెబ్బ వస్తుందనగానే కళ్లు మూసుకుంటాడు. రెండు చేతులూ ఆడిస్తూ మీదికి పోతాడు. ఎదుటివాడి పరిస్థితీ అదే. నిమిషం తిరగకముందే భుజాలు బరువెక్కి చేతులు కిందికి జారతాయి. ఆ తర్వాత తలకు అడ్డమంటూ ఏమీ ఉండదు. చుట్టూ స్క్వాడ్రన్ మొత్తం గొంతు చించుకుని అరుస్తుంటుంది కాబట్టి వెనక్కి తగ్గడం కూడా కుదరదు. సాధన ఉన్న బాక్సర్ తప్పించుకోగలిగిన దెబ్బలు ఇక్కడ సూటిగా తగులుతాయి. ఈ కుర్రాడు మర్నాడు పొద్దున డ్రిల్‌కు పోవాలి, ఆ తర్వాత లెక్కల క్లాసులో కూర్చోవాలి.

అయినా అకాడమీలు ఈ పద్ధతిని ఎందుకు వదులుకోవు? వాళ్ల వాదనలో బలం ఉంది. దాన్ని మొరటుతనం అని కొట్టిపారేయడం న్యాయం కాదు.

ఇప్పుడు సైన్యంలో చేరే చాలామంది పిల్లలు ఎవరితోనూ గట్టిగా తలపడకుండానే పదిహేడు, పద్దెనిమిదేళ్లకు వస్తారు. ఇంటర్ దాకా హాస్టల్, స్టడీ అవర్, ర్యాంకు. ముఖం మీద దెబ్బ పడితే ఒళ్లు ఏం చేస్తుందో వాళ్లకు తెలియదు. గుండె దడదడలాడుతుంది, చూపు ఇరుకైపోతుంది, చేయాల్సిన పని గుర్తుకు రాదు. మొదటిసారి దెబ్బ తిన్నవాడికి నొప్పి కన్నా నివ్వెరపాటే ఎక్కువ. ఆ నివ్వెరపాటు నుంచి రెండు మూడు క్షణాల్లో తేరుకుని, చేతులు పైకెత్తి, ఊపిరి తీసుకుని, ఆలోచించి అడుగు వేయడం నేర్చుకున్నవాడు తనను తాను కొత్తగా తెలుసుకుంటాడు. దెబ్బ తగిలినా పని ఆగదన్న నమ్మకం పుస్తకంతో రాదు. రేపు ముప్పై మంది జవాన్లను వెంటబెట్టుకుని చీకట్లో కొండెక్కాల్సిన లెఫ్టినెంట్‌కు ఆ నమ్మకం అవసరం.

అమెరికాలో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 1905లో వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో బాక్సింగ్ నేర్పించాలని పట్టుబట్టింది ఈ ఆలోచనతోనే. మొదటి ఏడాది కేడెట్లకు అది తప్పనిసరి అయింది. బ్రిటిష్ పారాచూట్ రెజిమెంట్ ఎంపికలో 'మిల్లింగ్' అనే పరీక్ష ఉంది. హెడ్‌గార్డ్, గ్లౌజులు పెట్టుకున్న ఇద్దరు ఒక నిమిషం పాటు ఆగకుండా కొట్టుకోవాలి. అక్కడ ఎవరు గెలిచారన్నదానికన్నా ఎవరు వెనకడుగు వేయలేదన్నదే చూస్తారు.

ఈ వాదనకు బలమిచ్చే, తెలంగాణ మరిచిపోలేని ఘటన ఒకటుంది. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబుతో సహా 20 మంది భారత సైనికులు అమరులయ్యారు. కోరుకొండ సైనిక్ స్కూల్లో, ఆ తర్వాత నేషనల్ డిఫెన్స్ అకాడమీలో చదివిన అధికారి ఆయన. వాస్తవాధీన రేఖ దగ్గర తుపాకులు పేల్చకూడదన్న ఒప్పందాలు ఉండటంతో ఆ రాత్రి పోరంతా చేతులతో, రాళ్లతో, రాడ్లతో సాగింది. క్షిపణులు, డ్రోన్ల కాలంలో కూడా సైనికుడు ఎదుటివాడి చేతికందేంత దూరంలో నిలబడాల్సి వస్తుందని దేశం చూసింది. ఆ తర్వాత సైన్యం 'అమర్' పేరుతో ఆయుధం లేకుండా పోరాడే విద్యలను శిక్షణలోకి తెచ్చింది.

అయితే గల్వాన్ నుంచి తీసుకోవాల్సిన పాఠం బాక్సింగ్ రింగ్ దగ్గరే ఆగిపోదు. అక్కడ ఎవరూ బరువు చూసి జత కలపలేదు. గ్లౌజులు లేవు, రిఫరీ లేడు. కర్ర పట్టుకున్నవాడిని ఎలా నిలువరించాలి, చలికోటుతో బూట్లతో కింద పడితే ఎలా లేవాలి, ఇద్దరు మీద పడితే పక్కవాడితో కలిసి ఎలా నిలబడాలి అన్నవి అక్కడి అవసరాలు. ఇవి బాక్సింగ్ ఒక్కదానితో రావు. అమెరికా సైన్యమే 1990ల నుంచి తన చేతిపోరు శిక్షణను పట్టులు, కింద పడేసి అదిమిపట్టడం చుట్టూ అల్లుకుంది. జుజుత్సు, కుస్తీ పద్ధతుల్లో ఇద్దరు పూర్తి బలంతో తలపడొచ్చు, భయాన్ని ఎదుర్కోవచ్చు, ఓడిపోవచ్చు. తలకు మాత్రం పదే పదే దెబ్బలు తగలవు. మోకాలో భుజమో దెబ్బతినే అవకాశం అక్కడా ఉంది. కానీ భుజం అతుక్కుంటుంది. 2017లో భుజం గాయానికి సర్జరీ చేయించుకుని ఏడాది పాటు ఆటకు దూరమైన నిఖత్, ఆ తర్వాతే రెండుసార్లు ప్రపంచ చాంపియన్ అయింది. మెదడు గాయం నుంచి ఇలా కోలుకోవచ్చని ఎవరూ హామీ ఇవ్వలేరు.

దెబ్బ తగిలినప్పుడు తల లోపల జరిగేదేమిటో చూద్దాం. తల సూటిగా వెనక్కి పోయినప్పటి కన్నా పక్కకు గిరుక్కున తిరిగినప్పుడే మెదడుకు ప్రమాదం ఎక్కువ. కుండను ఒక్కసారిగా తిప్పితే కుండ తిరిగినంత వేగంగా లోపలి పెరుగు తిరగదు. మెదడు సంగతీ అంతే. గడ్డం పక్కన తగిలే హుక్ (చేయి వంచి పక్క నుంచి విసిరే దెబ్బ) చేసే పని ఇదే. పుర్రె ముందు తిరుగుతుంది, మెదడు క్షణంలో కొంత వెనకబడుతుంది, లోపలి సన్నని నరాల పోగులు సాగుతాయి. కళ్లు బైర్లు కమ్మడం, తల దిమ్మెక్కడం, ఏ రౌండో గుర్తుండకపోవడం, వాంతి, వెలుతురు చూడలేకపోవడం దీని లక్షణాలు. దీన్నే కంకషన్ అంటారు. స్పృహ తప్పితేనే కంకషన్ అనుకోవడం పొరపాటు. చాలా కంకషన్లలో మనిషి స్పృహలోనే ఉంటాడు, మాట్లాడుతూనే ఉంటాడు, కొన్నిసార్లు బౌట్ పూర్తి కూడా చేస్తాడు. సి.టి. స్కాన్‌లో కూడా ఏమీ కనపడకపోవచ్చు.

అంతకన్నా ప్రాణాంతకమైనది లోపలి రక్తస్రావం. మెదడుకూ దాని పైపొరకూ మధ్య ఉండే సిరలు తెగితే రక్తం చేరి మెదడును నొక్కేస్తుంది. బాక్సింగ్ మరణాలకు ప్రధాన కారణం ఇదే. 1982 నవంబర్‌లో లాస్ వెగాస్‌లో రే మాన్సినితో తలపడిన దక్షిణ కొరియా బాక్సర్ డుక్ కూ కిమ్ ఇలాగే చనిపోయాడు. ఆ తర్వాతే ప్రపంచ టైటిల్ పోటీలు 15 రౌండ్ల నుంచి 12కు తగ్గాయి. అకాడమీ బౌట్లు అంతసేపు సాగవు, ఇలాంటి మరణాలు చాలా అరుదు కూడా. అయితే లోపల రక్తస్రావం అయిన కుర్రాడు కొన్ని గంటలు మామూలుగానే ఉండొచ్చు. బౌట్ అయిపోయాక అన్నం తిని, స్నేహితులతో మాట్లాడి, రాత్రి హాస్టల్ మంచం మీద వాంతి చేసుకుంటాడు. అలసట అనుకుని పక్కవాడు దుప్పటి కప్పుతాడు. ఆపరేషన్ టేబుల్ మీద ఉండాల్సిన గంటలు అలా గడిచిపోతాయి.

గ్లౌజులు, హెడ్‌గార్డ్ ఉన్నాయి కదా అని చాలామంది ధైర్యంగా ఉంటారు. గ్లౌజు ముఖ్యంగా కాపాడేది కొట్టేవాడి చేతి ఎముకలను. చేతికి నొప్పి లేనప్పుడు ఇంకా గట్టిగా కొట్టగలడు. హెడ్‌గార్డ్ కనుబొమ్మ చీలకుండా, చెవి నలగకుండా చూస్తుంది. పుర్రె ఎముకకు కొంత రక్షణ. తల గిరుక్కున తిరగడాన్ని మాత్రం అది ఆపలేదు. 2013లో అంతర్జాతీయ అమెచ్యూర్ బాక్సింగ్ సమాఖ్య పెద్ద స్థాయి పురుషుల పోటీల్లో హెడ్‌గార్డ్‌ను తీసేసింది కూడా. ఆ నిర్ణయం మీద డాక్టర్ల మధ్య వాదన ఉన్నా, హెడ్‌గార్డ్ పెడితే మెదడు భద్రం అన్న నమ్మకానికి మాత్రం ఆధారం లేదు.

సైనిక అకాడమీల్లో ఇది ఎంత తరచుగా జరుగుతుందో అమెరికా లెక్కలు కొంత చెప్తాయి. 2015లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టిన వివరాల ప్రకారం వెస్ట్ పాయింట్‌లో నమోదైన కంకషన్లలో దాదాపు ఐదో వంతు బాక్సింగ్ వల్ల వచ్చినవే. అమెరికా వైమానిక దళ అకాడమీలో ఆ వాటా దాదాపు నాలుగో వంతు. ఫుట్‌బాల్, రగ్బీ, పారాచూట్ దూకుళ్లు, యుద్ధ విన్యాసాలు అన్నీ ఉన్న చోట ఒక్క శిక్షణ క్లాసు వాటా అంత ఉండటం చిన్న విషయం కాదు. ఆ వార్త తర్వాత కూడా వెస్ట్ పాయింట్ వెనక్కి తగ్గలేదు. 2016 నుంచి అమ్మాయిలకు కూడా బాక్సింగ్ తప్పనిసరి చేసింది. యుద్ధరంగంలో అన్ని బాధ్యతలూ మహిళలకు తెరుచుకున్నాక, ఒక పరీక్ష నుంచి మాత్రం మినహాయింపు ఎందుకన్నది వాళ్ల ప్రశ్న. సమానత్వం దృష్ట్యా ఆ ప్రశ్న సరైనదే. మన నేషనల్ డిఫెన్స్ అకాడమీలోనూ 2022లో అమ్మాయిలు చేరారు, తొలి బ్యాచ్‌లో 17 మంది 2025 మేలో పాసవుట్ అయ్యారు. అబ్బాయిలకు హాని చేసే పద్ధతిని అమ్మాయిలకు కూడా పంచే ముందు, ఆ పద్ధతినే సరిదిద్దడం మేలు.

దీర్ఘకాల నష్టం సంగతి కాస్త జాగ్రత్తగా మాట్లాడాలి. ఏళ్ల తరబడి దెబ్బలు తిన్న బాక్సర్లలో మాట తడబడటం, నడక తూలడం, మతి తప్పడం గురించి అమెరికా వైద్యుడు హారిసన్ మార్ట్‌లాండ్ 1928లోనే రాశాడు. అయితే అది ఎక్కువగా డబ్బు కోసం వందల రౌండ్లు ఆడిన ప్రొఫెషనల్స్ కథ. అమెచ్యూర్ బాక్సింగ్‌లో ఆధారాలు అంత బలంగా లేవు. అకాడమీలో నాలుగైదు బౌట్లు ఆడిన ప్రతి కేడెట్‌కూ నలభై ఏళ్లకు మతిమరుపు వస్తుందని భయపెట్టడం తప్పు.

కానీ సైనికుడి విషయంలో ఒక అదనపు లెక్క ఉంది. దాన్ని అకాడమీలు ఎందుకో పెద్దగా పట్టించుకోవు. మామూలు మనిషికి కాలేజీలో ఆడిన బాక్సింగ్ అక్కడితో అయిపోతుంది. సైనికుడి తలకు ముందు ముందు ఇంకా చాలా ఉంది. ఫిరంగుల పక్కన నిలబడాలి, పేలుడు అలల దెబ్బ తట్టుకోవాలి, పారాచూట్‌తో నేల మీద పడాలి, కొండ దారుల్లో బండి కుదుపులు భరించాలి. ఒకసారి కంకషన్ అయినవాడికి మళ్లీ అయ్యే అవకాశం పెరుగుతుంది. ఇరవై, ముప్పై ఏళ్లు దేశానికి పనికిరావాల్సిన మెదడును మొదటి ఏడాదిలోనే, శత్రువు ఎవరూ లేని చోట ఖర్చు పెట్టడం సైనిక దృష్టితో చూసినా నష్టమే.

ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ భయపడాల్సింది దెబ్బను దాచుకోవడం గురించి. "ఏం కాలేదు సార్, బాగానే ఉన్న" అన్న మాట ప్రతి హాస్టల్లో, ప్రతి బ్యారక్‌లో వినిపిస్తుంది. దాని వెనక చాలా లెక్కలు ఉంటాయి. తలనొప్పి అని చెప్తే మెడికల్ రూముకు పంపుతారు. అక్కడ రెస్ట్ రాస్తే శిక్షణ రోజులు పోతాయి. ఎక్కువ రోజులు పోతే రెలిగేషన్, అంటే అదే టర్మ్ మళ్లీ చదవాలి. బ్యాచ్ ముందుకెళ్తుంది, తను వెనకబడతాడు. మెడికల్ కేటగిరీ దిగిపోతే మొత్తం కలే చేజారుతుంది. పైలట్ కావాలనుకున్నవాడికి తలకు గాయం అన్న మాట ఫైలులో పడటమే పెద్ద టెన్షన్. వీటన్నిటికీ తోడు హౌస్ పాయింట్లు, సీనియర్ల చూపు, పిరికివాడన్న ముద్ర. రింగ్‌లో కింద పడ్డవాడిని ఓదార్చే స్నేహితులు కూడా, డాక్టర్ దగ్గరికి పోయినవాడిని మాత్రం ఆటపట్టిస్తారు.

నర్సంపేట అవతలి తండా నుంచో, మంథని పక్క ఊరి నుంచో వెళ్లిన కుర్రాడి మీద ఇంకో బరువు కూడా ఉంటుంది. సెలెక్షన్ వచ్చిన రోజు ఊళ్లో ఫ్లెక్సీ కట్టి ఉంటారు. సర్పంచ్ శాలువా కప్పి ఉంటాడు. చెల్లెలి పెళ్లి గురించి అమ్మానాన్నలు వేసుకున్న లెక్కలన్నీ ఆ కొలువు మీదే ఆధారపడి ఉంటాయి. తల తిరుగుతోందని చెప్పి ఇంటికి తిరిగొచ్చే ధైర్యం ఆ పిల్లవాడికి ఎక్కడి నుంచి వస్తుంది? వెనక ఆస్తో ఇంకో దారో ఉన్నవాడు చెప్పుకోగలడు. ఏమీ లేనివాడే దెబ్బను దాచుకుంటాడు, దాచుకున్న దెబ్బ మీద ఇంకో దెబ్బ తింటాడు. మొదటి కంకషన్ మానకముందే రెండోసారి తగిలితే మెదడు ఒక్కసారిగా వాచిపోయే ప్రమాదం ఉంది. అది అరుదు. వచ్చేది మాత్రం ఎక్కువగా కుర్రవాళ్లకే, చాలాసార్లు ప్రాణం పోతుంది. కాబట్టి ధైర్యం నేర్పడానికి పెట్టిన బౌట్, నిజం చెప్పే ధైర్యాన్ని తీసేస్తుంటే దాని అసలు ప్రయోజనమే దెబ్బతిన్నట్టు. గాయపడిన సంగతి పై అధికారికి ఉన్నదున్నట్టు చెప్పడం కూడా సైనిక క్రమశిక్షణే.

ఇక ఖర్చు ఎవరిదన్న ప్రశ్న. నేషనల్ డిఫెన్స్ అకాడమీలో చేరే ముందు తల్లిదండ్రులు ఒక పత్రం మీద సంతకం చేయాలని ప్రవేశ ప్రకటనలోనే ఉంటుంది. శిక్షణలో తమ బిడ్డకు గాయమైతే ప్రభుత్వం నుంచి పరిహారం కోరే హక్కు తమకు లేదని అర్థం చేసుకున్నామన్నది దాని సారాంశం. సెలెక్షన్ వచ్చిన సంతోషంలో ఆ కాగితాన్ని చదివేవాళ్లు తక్కువ. కమిషన్ వచ్చేదాకా కేడెట్ అధికారి కాడు. శిక్షణలో దివ్యాంగుడై ఇంటికి పంపేస్తే మాజీ సైనికుడి హోదా రాదు, అధికారికి వచ్చే దివ్యాంగ పింఛను రాదు. దొరికేది దయతో ఇచ్చే నెలవారీ ఎక్స్‌గ్రేషియా.

2025 ఆగస్టులో ఈ విషయాన్ని సుప్రీంకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుంది. 1985 నుంచి దాదాపు 500 మంది అధికారి కేడెట్లు శిక్షణ గాయాలతో అకాడమీల నుంచి బయటికి రావాల్సి వచ్చిందని, వాళ్లకు అందుతున్నది నెలకు గరిష్ఠంగా 40 వేల రూపాయల దాకానేనని పత్రికల్లో వచ్చిన కథనం దానికి ఆధారం. కేడెట్లకు బీమా లాంటి రక్షణ కల్పించే మార్గం చూడమని కోర్టు కేంద్రాన్ని అడిగింది. మాజీ సైనికులకు ఉన్న ఆరోగ్య పథకాన్ని వీళ్లకూ వర్తింపజేయడానికి ప్రభుత్వం ముందుకు వచ్చింది. ఈ 500 మందీ బాక్సింగ్ వల్ల గాయపడ్డవాళ్లు కాదు. ఈతకొలనులో, గుర్రం మీద, అడ్డంకుల పరుగులో దెబ్బతిన్నవాళ్లూ ఉంటారు. కానీ తేడా ఒకటుంది. గుర్రం మీది నుంచి పడటం ప్రమాదం, దాన్ని ఎవరూ కోరుకోరు. బౌట్‌లో ఎదుటివాడి తల మీద కొట్టడం పాయింట్లు వచ్చే పని. గాయం కావడానికి అవకాశమున్న పనిని తప్పనిసరి చేసిన సంస్థకు, ఆ గాయం బాధ్యత కూడా తప్పనిసరి కావాలి. చేరిన మొదటి రోజు నుంచే కేడెట్‌కు పూర్తి స్థాయి బీమా, జీవితకాల వైద్యం, పునరావాసం ఉండాలి.

దీనికి విరుగుడు బాక్సింగ్‌ను నిషేధించడం కాదు. నిజమే, ప్రపంచ వైద్య సంఘం 1980ల నుంచి ఈ ఆటనే నిషేధించాలని కోరుతోంది. అమెరికా, కెనడా పిల్లల వైద్యుల సంఘాలు 2011లో పిల్లలకూ టీనేజర్లకూ బాక్సింగ్ వద్దని కలిసి ప్రకటించాయి. పిల్లల విషయంలో డాక్టర్ల మాటే వినాలి. సైనిక్ స్కూల్లో ఆరో తరగతిలో చేరే పిల్లవాడికి పది నుంచి పన్నెండేళ్లు ఉంటాయి. ఆ వయసులో తలకు దెబ్బ తగిలే పోటీ పెట్టడానికి ఏ కారణమూ చాలదు. రుక్మాపూర్, అశోక్‌నగర్ లాంటి స్కూళ్లు వయసులో చిన్నవి. రేపు వరంగల్‌కు ఇంకోటి వస్తే అదీ కొత్తదే. పాత స్కూళ్ల మీద ఉన్నంత ఆనవాయితీ బరువు వీటి మీద లేదు. బాక్సింగ్ పెట్టాలనుకుంటే స్కిప్పింగ్, ఫుట్‌వర్క్, బ్యాగ్, ప్యాడ్స్, షాడో బాక్సింగ్ దాకా పెట్టొచ్చు. ఒంటికి దమ్ము, కాళ్లకు చురుకు, మనసుకు ఏకాగ్రత వచ్చేది ఎక్కువగా వీటితోనే. హౌస్ పోటీ కావాలంటే కుస్తీ, జూడో ఉన్నాయి.

పెద్దవాళ్ల అకాడమీల్లో కథ వేరు. అక్కడ దెబ్బ తినడమంటే ఏమిటో తెలియాలన్న వాదనకు చోటు ఉంది. కానీ ఆ అనుభవానికి పూర్తి బలంతో తలకు కొట్టుకునే బౌట్ ఒక్కటే దారి కాదు. ఛాతీకి, పొట్టకు మాత్రమే గురిపెట్టే స్పారింగ్‌లో (సాధన కోసం ఇద్దరు తలపడటంలో) కూడా భయం పుడుతుంది, ఊపిరి అందదు, వెనక్కి పోవాలనిపిస్తుంది. ముందు నెలల తరబడి ఇది సాగాలి. అనుభవమున్న కోచ్ బలం తగ్గించి, కొలిచి ముఖం మీద వేసే దెబ్బ, అదే స్థాయి కొత్తవాడు గుడ్డిగా విసిరే దెబ్బ కన్నా ఎక్కువ నేర్పుతుంది, తక్కువ హాని చేస్తుంది. ఇదంతా అయ్యాక పూర్తి బౌట్ ఆడాలనుకున్నవాళ్లు ఆడొచ్చు. వద్దన్నవాడికి మార్కులు తగ్గకూడదు.

జత కలిపేటప్పుడు బరువు ఒక్కటే చూస్తే చాలదు. ఎనిమిదో తరగతి నుంచి స్టేడియంలో సాధన చేసి వచ్చిన 60 కిలోల కుర్రాడికీ, నిన్న మొన్న గ్లౌజు తొడిగిన 60 కిలోల కుర్రాడికీ మధ్య జరిగేది పోటీ అనిపించుకోదు. బరువు కేటగిరీలో పడటానికి నీళ్లు మానేసి, నిద్ర లేక, రాత్రంతా పనిష్‌మెంట్ చేసి వచ్చినవాడిని రింగ్ ఎక్కించకూడదు. రింగ్ పక్కన ఉండే డాక్టర్‌కు బౌట్ ఆపే అధికారం పూర్తిగా ఉండాలి. ఆయన మీద స్క్వాడ్రన్ కమాండర్ మాట చెల్లకూడదు. నాకౌట్ అయినవాడు కనీసం 30 రోజులు రింగ్ వైపు రాకూడదని, మూడు నెలల్లో రెండోసారి అయితే 90 రోజులు ఆగాలని అమెచ్యూర్ బాక్సింగ్ నియమాల్లో ఎప్పటి నుంచో ఉంది. క్రీడాకారులకు వర్తించే ఆ జాగ్రత్త కేడెట్లకు తక్కువ కాకూడదు. అన్నిటికన్నా ముందు, కంకషన్ వల్ల తీసుకున్న రెస్ట్ రెలిగేషన్ లెక్కలోకి రాదని రాతపూర్వకంగా చెప్పాలి. ఆ ఒక్క హామీ ఉంటే దాచుకునేవాళ్లలో చాలామంది బయటికి వచ్చి చెప్పుకోగలుగుతారు. ఏటా ఎన్ని బౌట్లు జరిగాయి, ఎంతమందికి తల గాయాలయ్యాయి అన్న లెక్కను ప్రజల ముందు పెట్టాలి. అమెరికాలో చర్చ మొదలైందే అంకెలు బయటికి వచ్చాక.

దూరం కూడా లెక్కలోకి తీసుకోవాలి. నర్సంపేట నుంచి వరంగల్ నగరం దాదాపు 40 కిలోమీటర్లు. రాత్రి పూట హాస్టల్ నుంచి బండి దొరికి, వరంగల్ ప్రభుత్వ ఆసుపత్రి ఎంజీఎం చేరి, స్కాన్ తీసి, మెదడు సర్జన్‌ను పిలిపించేసరికి ఎంత సమయం పడుతుందో ముందే లెక్క వేసుకోని చోట, అది స్కూలైనా కోచింగ్ సెంటరైనా, తలకు తగిలే స్పారింగ్ పెట్టకూడదు. బౌట్ జరిగిన రాత్రి ఆడినవాళ్లను ఒంటరిగా పడుకోనివ్వకుండా వార్డెన్ గంట గంటకూ లేపి చూడాలి. పేరు, రోజు, ఉన్న చోటు అడగాలి. తడబడినా, వాంతి అయినా, ఒక కంటిపాప పెద్దగా కనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు.

ఇంకా సెలెక్షన్ దాకా రాని పిల్లలకు, వాళ్ల తల్లిదండ్రులకు మరో సంగతి తెలియాలి. ఆర్మీ ర్యాలీ ఫిజికల్ పరీక్షలో ఉండేవి 1.6 కిలోమీటర్ల పరుగు, బీమ్ మీద పుల్ అప్స్, 9 అడుగుల కందకం దూకడం, జిగ్‌జాగ్ బ్యాలెన్స్. అధికారుల ఎంపిక జరిపే ఎస్‌ఎస్‌బీలో ఐదు రోజులు మాటతీరు, బృందంలో పనిచేసే తీరు, ఆలోచన, అడ్డంకులు దాటడం చూస్తారు. వీటిలో ఎక్కడా ఒకరినొకరు కొట్టుకునే పరీక్ష లేదు. ధైర్యం పెంచుతామంటూ ఏ కోచింగ్ సెంటరైనా పిల్లల చేతికి గ్లౌజులిచ్చి ఒకరి మీదికి ఒకరిని వదిలితే, ఆ పిల్లల ఎంపిక అవకాశం రవ్వంత కూడా పెరగదు. తలకు గాయమైన చరిత్ర ఉంటే మెడికల్ బోర్డు దగ్గర మాత్రం చిక్కు వస్తుంది. బాక్సింగ్ మీద నిజంగా ఇష్టమున్న పిల్లలకు నిజామాబాద్ దారి ఉంది: మంచి కోచ్, చిన్నప్పటి నుంచి సాధన, స్పారింగ్‌కు ముందు ఏళ్ల తరబడి ఫుట్‌వర్క్. సైన్యంలో చేరాలనుకున్నవాళ్లు ఫీజు కట్టే ముందు, తల మీద స్పారింగ్ ఉంటుందా, ఉంటే డాక్టర్ ఎవరు, దెబ్బ తగిలితే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు, ఆ ఖర్చు ఎవరు భరిస్తారు అని అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోవాలి.